‘కాలి నరం తీసేశారు కదా, సాగదీస్తే తెగదా?’: బైపాస్ తర్వాత కాళ్ల వ్యాయామాలపై అపోహలు - వాస్తవాలు

బైపాస్ అయిన రెండు వారాలకు నా దగ్గరికి వచ్చేవారి నడక చూస్తేనే, గుండెకు వేసిన సిరను ఏ కాలి నుంచి తీశారో తెలిసిపోతుంది. ఆ మోకాలు వంచరు, మడమ పూర్తిగా ఆనించరు. కాలిని కర్రలా బిగబట్టుకుని వస్తారు. దగ్గు వస్తే ఛాతీకి దిండు అదుముకోవాలని మాత్రం అందరికీ గుర్తుంటుంది. కాలి మాట ఎత్తితే, “ఆపరేషన్ గుండెకు కదండీ” అంటారు.

ఫిజియోథెరపిస్టుగా నాకు తోచేదేమిటంటే, సగం తంటా మన ‘నరం’ అనే మాటతోనే వచ్చింది. రక్తం మోసే సిరా నరమే, స్పర్శ తెలిపే నాడీ నరమే, మోకాలి వెనక తాడులా చేతికి తగిలే కండరపు కొస కూడా నరమే! “కాల్లోంచి నరం తీశారు” అనగానే ఈ మూడు భయాలూ ఒక్కటైపోతాయి.

అపోహ: నరం తీశారు కాబట్టి ఆ కాలికి రక్తం ఆడదు, బలం పోతుంది.

తీసింది సఫీనస్ సిర. కాలి లోపలి వైపున, చీలమండ నుంచి గజ్జ దాకా చర్మం కిందనే సాగే సిర అది. కాలి నుంచి గుండెకు తిరిగి వెళ్లే రక్తంలో అధిక భాగం కండరాల నడుమ ఉండే లోతైన సిరల గుండానే వెళుతుంది. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో అనే సర్జన్ ఈ సిరతో బైపాస్ చేసి దారి చూపినప్పటి నుంచి లక్షలాది మంది ఈ సిర లేకుండానే నడుస్తున్నారు. కొన్ని వారాల పాటు పాదం, చీలమండ వాయడం మామూలే. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోండి. పిక్క బిగిసిన ప్రతిసారీ లోతు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. అందుకే మంచం మీద ఉన్నప్పటి నుంచే పాదాలను పైకీ కిందికీ ఆడించమంటాం. బలం తగ్గిందంటే, అది ఎక్కువగా కదలకుండా పడుకోవడం వల్లే.

అపోహ: సాగదీస్తే కాలి కుట్లు తెగుతాయి.

నెమ్మదిగా చేస్తే తెగవు. గాయం చీము పట్టకుండా, పొడిగా ఉంటే చాలు. నిజానికి నేను కనిపెట్టి చూసేది కాలిని కాదు, చేతులను. కోసిన ఛాతీ ఎముకను తీగలతో బిగిస్తారు. అది గట్టిగా అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. తువ్వాలును పాదానికి తగిలించి రెండు చేతులతో లాగడం, గోడను బలంగా నెట్టడం, మడమను వెనక్కి పట్టి పిరుదులకు తగిలించడం లాంటివన్నీ ఆ ఎముకకు శ్రమే.

కాబట్టి ఇలా చేయండి. ముందు ఐదు నిమిషాలు ఇంట్లోనే నడవండి. కదలని కుర్చీలో అంచుకు జరిగి కూర్చోండి. ఒక కాలు చాపి మడమను నేలకు ఆనించి, వేళ్లను మీ వైపు తిప్పండి. వీపు వంచకుండా, నడుము దగ్గర నుంచి కొద్దిగా ముందుకు వాలండి. తొడ వెనక, పిక్కలో లాగినట్టు తెలియగానే ఆగి 20 సెకన్లు ఉండండి. ఊపకండి. ఒక్కో కాలికి మూడుసార్లు చాలు. చాలామంది ఇక్కడే ఊపిరి బిగబడతారు. అది రక్తపోటును పెంచుతుంది. అందుకే సెకన్లను పైకి లెక్కపెట్టమంటాను. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టలేరు కదా! అయ్యాక గభాలున లేవకండి. బీపీ మాత్రల వల్ల కళ్లు తిరగవచ్చు.

అపోహ: నొప్పి పుడితేనే కండరం సాగినట్టు.

కాదు. లాగినట్టు అనిపించాలి, అంతే.

అపోహ: పిక్క లోపలి వైపు తిమ్మిరిగా ఉంటే కాపడం పెట్టాలి.

సిరను ఆనుకునే సన్నని స్పర్శ నాడి ఒకటి ఉంటుంది. సిర తీసేటప్పుడు దానికి తగిలే దెబ్బ వల్లే ఈ తిమ్మిరి. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నడక కండరాలు దాని ఆధీనంలో లేవు. స్పర్శ లేని చోట వేడినీళ్ల సంచి పెడితే కాలుతున్నా తెలియదు. మధుమేహం ఉన్నవారికి ఆ బొబ్బ మానడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

అపోహ: పిక్క పట్టేసిందంటే ఇంకా బాగా సాగదీయాలి, నూనె రాసి మర్దన చేయాలి.

ఇదొక్కటీ శ్రద్ధగా చదవండి. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే అది కాలి ధమనుల్లో పూడిక కావచ్చు. ఒక కాలు ఉన్నట్టుండి ఎక్కువగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు మర్దనా వద్దు, వ్యాయామమూ వద్దు, వెంటనే డాక్టరును కలవండి. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే అత్యవసర విభాగానికే వెళ్లాలి. రెండు తొడలూ ఒకేలా నొస్తుంటే కొలెస్ట్రాల్ మాత్రల వల్లేమో డాక్టరును అడగండి. సొంతంగా మానేయకండి.

అపోహ: బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగితే కాళ్లు బాగుపడినట్టే.

పూజకు, భోజనానికి నేల మీద ఎప్పుడు కూర్చోవచ్చని దాదాపు అందరూ అడుగుతారు. చిక్కంతా కూర్చోవడంలో కాదు, లేవడంలో ఉంది. లేచేటప్పుడు చేతులు నేలకు ఆనించి ఒంటి బరువంతా వాటి మీదే వేస్తాం. ఎముక అతికిందని సర్జన్ చెప్పాక కూడా నేను ముందు కుర్చీలోంచి లేపి చూస్తాను. చేతులు ఒళ్లో ఉంచుకుని, తొడల బలంతో వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోగలిగితే పీట వేయమంటాను. నేల సంగతి ఆ తర్వాత.