రెండో ప్రపంచ యుద్ధం: మా తరగతిలో వినిపించే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో తొమ్మిది, పది తరగతులకు సాంఘిక శాస్త్రం చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం మొదలుపెట్టగానే ఏటా అదే ప్రశ్న: "మాస్టారూ, అది తెల్లవాళ్ల యుద్ధం కదా, మనకెందుకు?" తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతారు.

అపోహ: ఆ యుద్ధంతో మనకు సంబంధం లేదు.

వాస్తవం: 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులను మాటమాత్రమైనా అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. దానికి నిరసనగానే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. యుద్ధం ముగిసేనాటికి సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య నౌకలను జపాన్ ముంచేసింది. మా దగ్గరి గోపాల్‌పూర్‌ తీరంలో పిల్లలు కాళ్లు తడుపుకొనే సముద్రమే అది. ఇంకా ఐరోపా యుద్ధమంటే ఎలా?

ఇక రంగం సంగతి. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఎందరో కూలికి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవారు. 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం జపాన్ వశమైంది. లక్షలాది భారతీయులు తిరుగుముఖం పట్టారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచారు. కలరాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు.

తీరంలోని తెలుగు బెస్తల ఇంటి అమ్మాయి ఒకతె తొమ్మిదిలో నా దగ్గర చదివింది. "మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్లారా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. మర్నాడు పొద్దున్నే స్టాఫ్ రూముకు వచ్చి నిలబడింది. వాళ్ల నాయనమ్మ తండ్రి అక్కడి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడట. బర్మా పడమటి తీరంలోని అరకాన్ మీదుగా, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ దాకా నడిచాడట. వెంట బయలుదేరిన తమ్ముడు దారిలో వాంతులు, విరేచనాలతో పోయాడట. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదంది నాయనమ్మ, మాస్టారూ" అంది.

ఈ అపోహ వల్ల మార్కులు పోతాయి, ఇంటి చరిత్ర కూడా పోతుంది. క్విట్ ఇండియాను, 1943 బెంగాల్ కరువును పిల్లలు యుద్ధంతో పొత్తు లేని పాఠాలుగా చదువుతారు. బర్మా బియ్యం ఆగిపోయింది, శత్రువుకు దక్కకూడదని బెంగాల్ తీరంలో పడవలను ప్రభుత్వమే లాక్కుంది, ధరలు ఆకాశాన్నంటాయి. సుమారు 30 లక్షల ప్రాణాలు పోయిన కరువును యుద్ధాన్ని వదిలేసి ఎలా వివరిస్తాం?

అపోహ: హిట్లర్ మన మేలు కోరాడు.

వాస్తవం: ఫోన్లలో తిరిగే ఈ పుకారంటే నాకు ఒళ్లు మండుతుంది. భారతదేశం ఆంగ్లేయుల కింద ఉండటమే మేలని అతను స్వయంగా రాసుకున్నాడు. దాదాపు 60 లక్షల మంది యూదులను చంపించినవాడు ఎవరికీ ఆదర్శం కాడు.

అపోహ: 1945 మేలో యుద్ధం ముగిసింది.

వాస్తవం: ఐరోపాలో మాత్రమే. జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది సెప్టెంబరు 2న.

అపోహ: తేదీలన్నీ బట్టీ పడితేనే గట్టెక్కుతాం.

వాస్తవం: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో నోరు తిరగని పేర్లు. ఈ పిల్లల భయం నాకు తెలుసు. ముందు నాలుగు మెట్లు చాలు: 1919 వెర్సాయ్ సంధి (మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీతో కుదిరినది), 1929 ఆర్థిక మాంద్యం, 1933లో హిట్లర్ గద్దెనెక్కడం, 1939లో పోలండ్‌పై దాడి. ఒకటి మరొకదానికి ఎలా దారితీసిందో పిల్లల చేత సొంత మాటల్లో, తెలుగులోనే, చెప్పించండి. మిగతా తేదీలు ఆ తర్వాత చూసుకోవచ్చు.