మూడో తరగతిలో ఏముంటది మేడం? - కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక సర్కారు ప్రాథమిక బడిలో మూడో తరగతి నాది. నాది అంటున్నాను గానీ, నాలుగో తరగతి పిల్లలు కూడా అదే గదిలో వెనక వరుసల్లో కూర్చుంటారు. పక్కనే తండాలు, చుట్టూ పత్తి చేలు, అక్కడక్కడా బత్తాయి తోటలు. జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రుల నోట ఏటా అవే మాటలు వింటాను. వాటిలో కొన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నమ్మినవే.

అపోహ: మూడో తరగతిలో ఏముంటది, గుణింతాలొస్తే సాలు.

ఈ మాట ఎక్కువగా తాతలు అంటారు. అసలు గండం ఇక్కడే ఉంది. మొదటి రెండేళ్లు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలే. మూడులో పరిసరాల విజ్ఞానం అని కొత్త పుస్తకం చేతికొస్తుంది. ఆ పుస్తకం ఎవరికీ అక్షరాలు నేర్పదు. చదవడం వచ్చిందనుకుని నీళ్ల గురించి, ఇళ్ల గురించి, తిండి గురించి చెప్పుకుంటూ పోతుంది. చదవలేని పిల్లకు ఆ రోజు నుంచి తెలుగొక్కటే కాదు, అన్నీ బరువే. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా గీత గీసింది మూడో తరగతి చివరనే. ముందెప్పుడూ చూడని పాఠాన్ని అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి, 9999 వరకు సంఖ్యలు చదివి రాయాలి, తేలికపాటి గుణకారం లెక్కలు చెయ్యాలి. మన తెలంగాణ బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పని కోసమే.

అపోహ: గడగడా చదువుతున్నాడు, ఇంకేం భయం లేదు.

గడగడా అంటేనే నాకు అనుమానం. ఒక ఏడాది మా క్లాసులో ఒక బాబు పాఠమంతా ఎక్కడా ఆగకుండా చదివేవాడు. ఒకరోజు బడి ముందు బస్సు ఆగింది. బోర్డు మీద ఏముందిరా అంటే బిక్కమొహం వేశాడు. అక్కడున్నది 'దేవరకొండ' అనే మాట. పాఠం వాడి నోటికి వచ్చింది, కంటికి రాలేదు. అక్క పక్కన కూర్చుని విని విని పట్టేశాడు. అప్పటి నుంచి నేను పాఠ్యపుస్తకంతో చదువు చూడడం మానేశాను. పప్పు ప్యాకెట్, కరెంటు బిల్లు, పెళ్లి పత్రిక ఇస్తాను. ఇంట్లో మీరూ చేసి చూడండి. చదివించాక కాగితం మూసి, 'ఏం రాసుందిరా?' అని అడగండి. తడుముకున్నా సరే, వాడి సొంత మాటల్లో చెబితే చదువొచ్చినట్టు. ఉన్నదున్నట్టు అప్పజెప్తే ఇంకో కాగితం ఇవ్వండి.

అపోహ: ఇంట్లో లంబాడీ మాట్లాడితే తెలుగు రాదు, లెక్కలు రావు.

దీని మీద నాకు కోపం ఎక్కువ, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను. కొత్తలో నేను కూడా తల్లులతో 'ఇంట్ల తెలుగే మాట్లాడుండ్రమ్మా' అని అన్నాను. తెలుగు అంతంత మాత్రంగా వచ్చిన ఒక తల్లి ఏం చేసింది? బిడ్డతో మాటలే తగ్గించింది. బడికొచ్చిన పిల్ల ఇంకా మూగదైంది. ఆ తప్పు నాదే. ఇప్పుడు నీళ్ల పాఠమంటే ముందు 'పాణి' అని బోర్డు మీద రాస్తాను. అమ్మ పాఠంలో 'యాడి' వస్తుంది. తండా పిల్లలు నవ్వుతారు, తర్వాత నోరు విప్పుతారు. ఇంటి భాషలో కథ చెప్పగలిగే పిల్లకు కథ అంటే ఏమిటో తెలుసు. తెలుగు మాటలు కావాలి, అంతే.

తెలుగు ఇళ్ల పిల్లలకూ ఇదే తిప్పలు. పుస్తకంలో సొరకాయ ఉంటుంది, ఇంట్లో ఆనిగెపుకాయ. పుస్తకంలో దాహం, ఇంట్లో దూప. ఒకప్పుడు ఎర్ర పెన్నుతో కొట్టేసేదాన్ని. ఇప్పుడు రెండు మాటలూ పక్కపక్కన రాయిస్తున్నాను. వాడి నాయనమ్మ మాట తప్పని నేనెట్లా అంటాను?

అపోహ: ఎక్కాలు బట్టీ పడితే లెక్కలొచ్చినట్టే.

ఎక్కాలు నోటికి రావాలి, అందులో నాకు మొహమాటం లేదు. కానీ 'ఆరేళ్లు నలభై రెండు' అని పాడిన పిల్లాడు 'ఆరేళ్లంటే వయసా టీచర్?' అని అడిగాడు. ఇంగ్లీషు మీడియం వచ్చాక వాళ్లు 'సిక్స్ సెవెన్‌జా ఫార్టీటూ' అంటున్నారు, ఇంట్లో తాత ఆరేళ్లు అంటున్నాడు. రెండూ ఒకటేనని చూపించడానికి చింతగింజలు తీస్తాం. ఏడేసి గింజలు ఆరు వరుసలు. తర్వాత పలకను పక్కకు తిప్పితే ఆరేసి గింజలు ఏడు వరుసలు. మొత్తం మారలేదని వాళ్లే లెక్కబెట్టుకుని చెప్తారు.

దీనికంటే పెద్ద చిక్కు తీసివేత. 402లో 178 తియ్యాలి. 'పక్కింట్ల అప్పు దేవాలె' అని నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. ఒకసారి ఒక పాప లేచి, 'అప్పు దెచ్చినం గదా టీచర్, మల్ల ఎప్పుడు కడ్తం?' అంది. ఇళ్లలో పత్తి మీద తెచ్చిన అప్పుల మాటలు వినే పిల్ల ఇంకేం అడుగుతుంది! ఆ రోజు నుంచి అప్పు మాట మానేసి చీపురు పుల్లలు పట్టాను. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు. 402 అంటే నాలుగు మోపులు, విడి కట్టలు లేవు, రెండు పుల్లలు. ఎనిమిది పుల్లలు కావాలంటే ఒక మోపు విప్పాలి, అందులోంచి ఒక కట్ట విప్పాలి. ఎవరికీ బాకీ లేదు, మన పుల్లలే. మిగిలేది 224.

అపోహ: నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది.

ఇది పిల్లలు ఇంటి నుంచి తెచ్చేది. మా జిల్లా బోరు నీళ్లలో పళ్లను పచ్చబరిచే ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి నీళ్ల పాఠం ఈ ప్రశ్న లేకుండా పూర్తికాదు. 'మా తాత పండ్లు పసుపుపచ్చగ ఎందుకున్నయి?' అని అడుగుతారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. ఉప్పు నీళ్లు మరిగించి రుచి చూపిస్తే మూడో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది.

మిగతావి చకచకా చెప్పేస్తాను. హోంవర్క్ ఎక్కువ ఇస్తే మంచి టీచరమ్మ అన్నది వట్టి మాట. పది పేజీలు చూసి రాస్తే చేతులు నొప్పి పుడతాయి, అంతే. మూడో తరగతిలో ఫెయిల్ చెయ్యరు కాబట్టి ఎవరూ పట్టించుకోరన్నదీ నిజం కాదు. ఏడాదిలో నాలుగు ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) ఉంటాయి, ఎవరు ఎక్కడ ఆగారో నా నోట్‌బుక్‌లో పేరు పేరునా ఉంటుంది. ఇంగ్లీషు మీడియం కదా, తెలుగు వదిలేద్దాం అనేవాళ్లు పిల్లల పుస్తకం ఒకసారి తెరవండి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మా క్లాసులో ఇంగ్లీషు పేజీ అర్థమయ్యేది ఎదుటి పేజీ చదవగలిగిన వాళ్లకే.

పత్తి ఏరే రోజుల్లో మాత్రం నాకు టెన్షన్. చెల్లెను చూసుకోవడానికని ఇంటి దగ్గర ఆపేసిన పిల్లలు నెల తర్వాత వస్తే మళ్లీ ఒత్తుల దగ్గరి నుంచి మొదలు. ఆ చెల్లెను కూడా వెంట పంపండి. వెనక వరుసలో పడుకోబెడతాం. ఇదివరకు కూడా పడుకోబెట్టాం.