వెంట్రుకవాసి తుప్పు, వణికే బ్రేకు

“డిస్కులు, ప్యాడ్లు కొత్తవి వేసి ఆరు నెలలు కాలేదు. బ్రేకు తొక్కితే పెడలు కాలికింద టకటకా కొట్టుకుంటోంది. డిస్కులు వంగిపోయాయట, నిజమేనా?” కారు పని సొంతంగా చేసుకునేవాళ్ళలో ఎక్కువమందికి వచ్చే సందేహమిది.

డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళెం, ప్యాడ్లంటే బ్రేకు తొక్కినప్పుడు దాన్ని రెండువైపులా నొక్కే పలకలు. దాదాపు ఎప్పుడూ డిస్కు వంగదు. దాని మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. ఆ తేడా 0.015 నుంచి 0.02 మి.మీ. ఉంటే చాలు, కాలికి తెలిసిపోతుంది. తలవెంట్రుక మందం 0.07 మి.మీ. అనుకుంటే ఇది అందులో నాలుగో వంతు! ఇంత చిన్న తేడా ఎక్కణ్ణుంచి పుడుతుందో తెలిస్తే బ్రేకుల పనిలో ఎక్కడ ఓపిక పట్టాలో తెలిసినట్టే.

మాజ్దా ఎమ్‌ఎక్స్-5ని ఉదాహరణగా తీసుకుందాం. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల జపాన్ కారు, అమెరికా, బ్రిటన్‌లలో ఇంటిదగ్గర రిపేర్లు నేర్చుకునేవాళ్ళకి ఒజ్జబంతి లాంటిది. మొదటి తరం 1.8 లీటర్ల ఇంజను కారులో ముందు డిస్కు వ్యాసం 255 మి.మీ., మందం 20 మి.మీ. అరిగి 18కి వస్తే పారేయాలి. చాలా కార్లకు ఈ కనీస మందం డిస్కు మీదే రాసి ఉంటుంది, చదువుకోవచ్చు. ప్యాడు మందు, అంటే డిస్కును రుద్దే పదార్థం, 3 మి.మీ.కి దిగితే మార్చేయడం మంచిది.

జాకీ ఎత్తడం, చక్రం విప్పడం, క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి నొక్కే బిగింపు) బోల్టులు తీయడం గురించి ఎక్కువ చెప్పను. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు పెట్టండి. క్యాలిపర్‌ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టండి. క్యాలిపర్‌లో ప్యాడుని తోసే పిస్టన్‌ని వెనక్కి నొక్కేటప్పుడు బ్రేకు ఆయిల్ డబ్బా పొంగకుండా చూడండి. బ్రేకు ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. క్యాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది.

అసలు కథ పాత డిస్కు ఊడొచ్చాక కనిపించే హబ్ (డిస్కూ చక్రమూ బిగించే, ఇరుసు చివరి పళ్ళెం) మొహం మీద ఉంది. మంచుకి రోడ్లమీద ఉప్పు చల్లే దేశాల్లోనైనా, విశాఖ సముద్రపు గాలిలోనైనా అక్కడ తుప్పు పొలుసులు కడుతుంది. 0.05 మి.మీ. పొలుసు ఒక్కటి హబ్ అంచున మిగిలిపోయిందనుకోండి. కొత్త డిస్కు దానిమీద రవ్వంత ఒరిగి కూర్చుంటుంది. హబ్ వ్యాసం సుమారు 130 మి.మీ., ప్యాడ్లు పట్టే చోట డిస్కు వ్యాసం దాదాపు 240. కాబట్టి ఆ ఒరుగు అంచుకు వచ్చేసరికి దాదాపు రెట్టింపై 0.09 మి.మీ. ఊగుతుంది. సైకిలు షాపులో బెండు తీసే చక్రం ఊగినట్టే, కాకపోతే కంటికి కనపడదు.

చిత్రమేమిటంటే ఈ ఊగుడు ఒక్కటే ఉంటే కాలికేమీ తెలియదు. క్యాలిపర్ పిన్నుల మీద జారుతుంది గనుక డిస్కుతోపాటు అటూ ఇటూ కదిలిపోతుంది. కొత్తలో బండి వెన్నలా ఆగేది అందుకే. కీడు జరిగేది బ్రేకు తొక్కనప్పుడు. పిస్టన్ చుట్టూ ఉన్న నలుపలకల రబ్బరు వలయం, తొక్కినప్పుడు మెలిపడి, వదిలినప్పుడు యథాస్థితికొస్తూ పిస్టన్‌ని కాస్త వెనక్కి లాగుతుంది. ఆ ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ. డిస్కు ఊగుడూ సరిగ్గా అంతే! దాంతో డిస్కులో ఉబ్బున్న వైపు చుట్టుకొకసారి ప్యాడుని గీరుతుంది. చక్రం కిలోమీటరుకు 550 చుట్లు తిరుగుతుంది. 5,000 కి.మీ.కి 27 లక్షల గీరుళ్ళు, అన్నీ ఒకేచోట. అక్కడ ఇనుము సన్నబడుతుంది. ఇక బ్రేకు తొక్కితే మందం మారినప్పుడల్లా పిస్టన్ వెనక్కీ ముందుకీ జరుగుతుంది, ఆయిల్ ఆ కదలికను పెడలుకు మోసుకొస్తుంది. 100 కి.మీ. వేగంలో సెకనుకు 15 సార్లు.

అందుకే హబ్‌ని వైర్ బ్రష్‌తో, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి, బోల్టుల మొదళ్ళ చుట్టూ మరీ శ్రద్ధగా. కొత్త డిస్కుకున్న నూనె పూత బ్రేక్ క్లీనర్‌తో కడిగాక, నట్లు వాషర్లతో బిగించి, అంచుకు 10 మి.మీ. లోపల డయల్ గేజీ (ఊగుడుని ముల్లుతో చూపే కొలత పనిముట్టు) ఆనించి తిప్పండి. ఊగుడు 0.05 మి.మీ. దాటితే డిస్కుని తీసి ఒక బోల్టు స్థానం జరిపి వేయండి. నాలుగు బోల్టులకి నాలుగు అవకాశాలు. డిస్కు వంకరా హబ్ వంకరా ఒకదాన్నొకటి కొట్టేసే స్థానం తరచూ దొరుకుతుంది. చక్రం నట్లు ఎదురెదురుగా, రెండు విడతల్లో, టార్క్ రించితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రించి) బిగించాలి. ఈ కారుకు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో ఒక్కో నట్టు ఒక్కోలా బిగిస్తే ఇంత శ్రమా వృథా.

ఈ కథలో రెండో సగం వేడిది. కారూ మనిషీ కలిపి 1,100 కిలోలు, 100 కి.మీ. వేగం నుంచి ఆగితే పుట్టే వేడి 424 కిలోజౌళ్ళు. దాదాపు లీటరున్నర నీళ్ళు మరుగుకొస్తాయి! ఆ వేడిలో ప్యాడు మందు పలుచని పొరగా డిస్కుకు అంటుకుంటుంది, ఆపైన ప్యాడు రుద్దుకునేది ఆ పొర మీదే. ఘర్షణ గుణకం అంటే ఒక స్థిర సంఖ్య అని బళ్ళో చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. ఇక్కడ అది వేడితో, పొరతో మారుతూనే ఉంటుంది. కొత్త ఇనప పెనానికి నూనె పట్టించి కాల్చడం గుర్తు తెచ్చుకోండి. పొర సమంగా పడితే దోసె చక్కగా లేస్తుంది. ఒకచోట పిండి మాడి అంటుకుంటే ఆ తర్వాత ప్రతి దోసే అక్కడే పట్టేస్తుంది. డిస్కు మీదా అంతే. మందు దళసరిగా అంటినచోట ఒత్తిడి ఎక్కువ, అందుకని వేడి ఎక్కువ, అందుకని ఇంకాస్త మందు. అలాకూడా మందంలో తేడా వస్తుంది.

పాత డిస్కు మీద వేరే రకం ప్యాడు వేయకూడదనేదీ ఇందుకే. రంధ్రాల డిస్కులు స్పోర్ట్స్ కారుకు అందమే గానీ, బాగా వేడెక్కితే రంధ్రాల అంచులనుంచే బీటలు మొదలవుతాయి. మామూలు గాలిసందుల డిస్కే మేలు.

ఈ కారు వెనక పిస్టన్లు నొక్కితే వెళ్ళవు. హ్యాండ్‌బ్రేకు దించి, క్యాలిపర్ వెనక 14 మి.మీ. బోల్టు తీస్తే లోపల 4 మి.మీ. ఆలెన్ కీ పట్టే మర ఉంటుంది. ఎడమకు తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. ప్యాడ్లు వేశాక కుడికి బిగిసేదాకా తిప్పి, మూడో వంతు చుట్టు వదలాలి. అంతా బిగించాక, బండి కదిలించకముందే, పెడలు గట్టిపడేదాకా తొక్కండి. మరిస్తే మొదటి బ్రేకుకే పెడలు నేలకంటుతుంది.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20 కి.మీ.కి గట్టిగా, పూర్తిగా ఆపకుండా, వెంటవెంటనే 8 నుంచి 10 సార్లు తగ్గించండి. మాడు వాసన, కొద్దిగా పొగ వస్తే కంగారు పడకండి. ఆ వేడిలో బండి ఆపి పెడలు తొక్కిపడితే మాత్రం ప్యాడు అచ్చు డిస్కు మీద పడిపోతుంది. పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లార్చండి. డిస్కు చుట్టూరా ఒకే బూడిదనీలి ఛాయ కనిపిస్తే పొర సమంగా పడ్డట్టు. ఎక్కడైనా లేత అచ్చు మిగిలితే మర్నాడు ఇదే వరస ఇంకోసారి చేస్తే చాలావరకు పోతుంది.