చెక్క రైలు చూసి పట్టాలను అర్థం చేసుకుంటే: అపోహలు - వాస్తవాలు

పట్టాల మెయింటెనెన్స్ నా ఉద్యోగం. మావాడి చెక్క రైలు సెట్ ఎప్పుడూ హాల్లో పరిచే ఉంటుంది, ఇంటికొచ్చినవాళ్లు దాన్ని చూస్తూ నన్ను ఏదో ఒకటి అడుగుతారు.

అపోహ: చక్రానికి లోపలివైపు ఉండే అంచు వల్లే రైలు పట్టాల మీద నిలుస్తుంది.

బొమ్మలో దాదాపు అంతే, చెక్కలో తవ్విన గాడి ఎటు తిరిగితే చక్రం అటు పోతుంది. అసలు పట్టాకి గాడి ఎక్కడుంది? అక్కడ పనంతా చక్రం ఆకారానిదే. అది లోపలివైపు లావుగా, బయటికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది, పైగా రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి కాబట్టి కలిసే తిరగాలి. మలుపులో ఆ జత కాస్త బయటికి జరగగానే బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లుతాయి, ఒక్కో చుట్టుకి బయటిది ఎక్కువ దూరం పోయి జత దానంతటదే తిరుగుతుంది. అంచు (మేం ఫ్లాంజ్ అంటాం) బాగా వంపు ఉన్నచోట, ఆఖరి కాపలాగా పనికొస్తుంది. నమ్మకం లేకపోతే రెండు పేపర్ టీ కప్పులు మూతికి మూతి కలిపి టేపు వేసి, వాలుగా పెట్టిన రెండు కర్రల మీద దొర్లించండి, కొంచెం పక్కకి పెట్టినా మధ్యకే వస్తాయి. అడుగుకి అడుగు అతికించి చూడండి, వెంటనే పక్కకి పడతాయి.

అపోహ: పట్టాల మధ్య ఖాళీ వదలకపోతే ఎండకి వంకర పోతాయి.

టక్‌టక్ శబ్దం రోజుల్లో నిజమే. ఇప్పుడు మెయిన్ లైన్లలో కిలోమీటర్ల పొడవునా వెల్డింగే. కిలోమీటరు పట్టాని స్వేచ్ఛగా వదిలేస్తే 40 డిగ్రీల తేడాకి సుమారు 46 సెంటీమీటర్లు సాగుతుంది, దాన్ని సాగనివ్వకుండా క్లిప్పులు, కాంక్రీటు స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మలు), కంకర కలిసి పట్టి ఉంచుతాయి. సాగలేని పట్టాలో ఒత్తిడి పెరుగుతుంది, అందుకే మే నెల మధ్యాహ్నాలు మాకు టెన్షన్, గాలి 45 డిగ్రీలుంటే పట్టా 60 దాటుతుంది, గస్తీ తిరగాల్సిందే.

అపోహ: కంకర నీళ్లు పోవడానికే.

నీళ్లూ పోతాయి. కానీ మావాడి ట్రాక్ నున్నటి టైల్స్ మీద చేయి తగిలితే చాలు, జరిగిపోతుంది. అసలు లైను అలా జరక్కుండా పక్కల నుంచి పట్టుకునేది కంకరే. ఏటి గులకరాళ్లు దానికి పనికిరావు, కోసుగా పగిలిన రాళ్లే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

అపోహ: రూపాయి బిళ్ల పెడితే రైలు పడిపోతుంది.

వంద టన్నులు దాటిన ఇంజను కింద బిళ్ల అప్పడం అవుతుంది, అంతే. ప్రమాదం పెట్టడానికి వెళ్లినవాడికి. ఊరికే లైను మీదికి ఎక్కినా రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు.