తెర మీద బల్బు, చేతిలో బల్బు: ఫిజిక్స్ క్లాసులో డిజిటల్ పరికరాలపై అపోహలు - వాస్తవాలు

మా బడికి ప్యానెల్ (బోర్డు పక్కన పెట్టే, వేలితో తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) వచ్చిన వారం, రొయ్యల గుంట దగ్గర పనిచేసే ఒక తండ్రి గేటు దగ్గర ఆపి అడిగాడు: "ఇంక మీకు పని తగ్గినట్టే గదా సార్, పాఠం అదే చెప్తాదంట?" నవ్వి ఊరుకున్నాను. అదే వారం స్టాఫ్ రూములో సరిగ్గా దీనికి ఎదురు మాట విన్నాను: "అదంతా షో అండీ, సుద్దముక్క ఉంటే చాలు." నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు వైపు ఒక హైస్కూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు నేను ఫిజిక్స్ చెప్తాను. ఆ రెండు మాటలూ తప్పే. వాటితో పాటు నేను నమ్మి దెబ్బతిన్నవి కూడా కొన్ని ఉన్నాయి.

అపోహ: డిజిటల్ పాఠం అంటే వీడియో వేయడం.

మొదట్లో నేను చేసిందీ ఇదే. ఘర్షణ పాఠానికి పన్నెండు నిమిషాల వీడియో వేశాను. క్లాసంతా నిశ్శబ్దం. బ్రహ్మాండంగా జరిగిందనుకున్నాను. మర్నాడు "నేల మీద పెట్టెను తోస్తూ ఉన్నట్టుండి చెయ్యి తీసేస్తే ఎందుకు ఆగిపోతుంది?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. వెనక బెంచీలో ఒకడు మాత్రం "వీడియోలో బండి బాగుంది సార్" అన్నాడు.

వీడియో పిల్లల్ని ఏమీ అడగదు. సిమ్యులేషన్ (తెర మీద పిల్లలే మార్చి చూసుకునే ప్రయోగం) అలా కాదు, ఎంత బలంతో తోయాలో పిల్లలే పెట్టాలి, ఘర్షణ పెంచడం తగ్గించడం వాళ్ళ వేలితోనే జరగాలి. ఘర్షణను సున్నా చేసి బలం తీసేస్తే తెర మీద పెట్టె ఆగకుండా పోతూనే ఉంటుంది. "ఇది ఆగదేంది సార్?" అని ఎవరైనా అడిగారా, అక్కడ మొదలవుతుంది నా పాఠం.

నేను ఎక్కువగా వాడేది ఫెట్ (PhET) అనే సైటులోని సిమ్యులేషన్లు. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. పైసా కట్టక్కర్లేదు.

అపోహ: నెట్ లేకపోతే ఏమీ నడవదు, ఉన్నా అంతా ఇంగ్లిషే.

ఫెట్ సిమ్యులేషన్లలో చాలావాటిని ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే బ్రౌజరులో తెరుచుకుంటాయి. నేను ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాను. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఇక కరెంటు పోతే సుద్దముక్క ఎలాగూ ఉంది.

అపోహ: సిమ్యులేషన్ ఉంటే ల్యాబ్ అక్కర్లేదు.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

విద్యుత్ వలయాల పాఠంలో ప్యానెల్ ఆన్ చేయకముందే బోర్డు మీద ఒక బొమ్మ గీస్తాను. ఒక బ్యాటరీ, దాని తర్వాత ఒకే తీగ మీద వరసగా రెండు ఒకే రకం బల్బులు. "ఏది ఎక్కువ వెలుగుతుంది? నోటుబుక్కులో రాయండి, పక్కవాడిది చూడొద్దు." ఏటా ఇదే వరస: ముప్పాతిక మంది మొదటి బల్బే అంటారు. ఎందుకురా అంటే, "కరెంటు ముందు దానికే తగుల్తాది గద సార్, అది వాడుకున్నాక మిగిలిందే రెండో దానికి." వాళ్ళ లెక్క వాళ్ళకుంది. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీళ్ళు దండిగా, చివరి పొలానికి అరకొరగా రావడం చూస్తూ పెరిగిన పిల్లలు మరి.

అప్పుడు ఒక అమ్మాయిని పిలిచి ప్యానెల్ మీద అదే వలయం కట్టమంటాను. రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయి. మొదటి బల్బుకు ముందు ఎంత వేగంగా కదులుతున్నాయో, రెండోది దాటాక కూడా ఎలక్ట్రాన్లు అంతే వేగంగా కదులుతుంటాయి. కరెంటును కొలిచే అమ్మీటరు ఎక్కడ పెట్టినా అదే అంకె. క్లాసులో గుసగుసలు. ఒకసారి ఒక పిల్ల లేచి అడిగింది: "కరెంటు తగ్గనే తగ్గకపోతే, మరి బ్యాటరీ ఎందుకు అయిపోతుంది సార్?"

ఈ ప్రశ్న కోసం నేను వారమైనా ఆగుతాను. సైకిలు గుర్తుచేశాను. చైను ఎక్కడా అరిగి తగ్గిపోదు, ముందు పళ్ళ చక్రం దగ్గర ఎంత వేగమో వెనక దగ్గరా అంతే. అయినా తొక్కేవాడికి ఆయాసం వస్తుంది. ఖర్చయ్యేది చైను కాదు, శక్తి.

అక్కడితో ఆపేస్తే సగం పాఠమే. మర్నాడు టార్చి బల్బులు, సెల్లులు, తీగ ముక్కలు ఇచ్చి అదే వలయం చేత్తో కట్టించాను. తెర మీద తీగ కొస దగ్గరికి తెస్తే చాలు, అతుక్కుంటుంది. ఇక్కడ బ్లేడుతో తొడుగు గీకాలి, కొస మెలిపెట్టాలి, హోల్డరులో బల్బు బిగిసిందో లేదో చూడాలి. సగం పీరియడ్ అందులోనే పోయింది. ఆఖరికి ఒక గ్రూపు బల్బులు వెలిగాయి, అందులో మొదటిది బాగా, రెండోది మినుకుమినుకుమంటూ! "చూశారా సార్, మేం రాసిందే రైటు!" అని గోల.

నిజం చెప్పాలంటే క్షణం పాటు నాకూ టెన్షన్ పట్టింది. "సరే, రెండు బల్బులూ అటూ ఇటూ మార్చి పెట్టండి" అన్నాను. మార్చారు. బాగా వెలిగే బల్బు ఇప్పుడు రెండో చోట ఉంది, అక్కడా అదే బాగా వెలిగింది. తేడా వరసలో లేదు, బల్బులోనే ఉంది. ఒకే కొట్టులో కొన్నా అవి ఒకే రకం కావు. బల్బుల లోహపు అంచు మీద సన్నగా చెక్కిన అంకెల్ని ఒకడు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాడు, రెండింటి మీదా వేర్వేరు అంకెలు. తెర మీది బల్బులు రెండూ కవలలు, వాటితో ఈ అనుమానం పుట్టే వీలే లేదు. అలాగని చేత్తో కట్టిన వలయంతోనే మొదలుపెట్టి ఉంటే పిల్లలు తప్పు ఊహతోనే ఇంటికెళ్ళేవాళ్ళు.

చేత్తో చేస్తేనే వస్తుంది, తెర మీద చేస్తే రాదు అనేవాళ్ళకు ఒక మాట. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో ప్రచురించిన పరిశోధనలో, కంప్యూటరు మీద వలయాలు కట్టిన విద్యార్థులు ఆ తర్వాత అసలు తీగలతో కట్టడంలోనూ, ఎందుకలా జరుగుతుందో చెప్పడంలోనూ మొదటి నుంచీ అసలు పరికరాలతో చేసినవాళ్ళను మించారు. వాళ్ళు కాలేజీ విద్యార్థులు, మా ఎనిమిదో తరగతి పిల్లలు కాదు. అందుకే నేను రెండూ చేయిస్తాను. ముందు ఊహ, తర్వాత తెర, ఆ తర్వాత తీగ.

అపోహ: తెర మీద కనిపించేదంతా నిజం.

ఆ పాఠం తర్వాత పెట్టిన పరీక్షలో ఒకడు "ఎలక్ట్రాన్లు నీలం రంగులో గుండ్రంగా ఉంటాయి" అని రాశాడు. తప్పు వాడిది కాదు, నాది. అవి గుర్తు కోసం వేసిన బొమ్మలని నేను చెప్పలేదు. టార్చి బల్బు తీగలో ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే సగటు వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తెర మీద మాత్రం చీమల బారులా పరిగెడతాయి.

సూర్యుడు, భూమి, చంద్రుడి బొమ్మలతో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. వాటిని తెరలో పట్టించాలని దూరాలు కుదించేస్తారు. బాస్కెట్‌బాల్ భూమి అనుకుంటే టెన్నిస్ బంతి చంద్రుడు, రెండింటి మధ్య దూరం ఏడు మీటర్ల పైనే. మా వరండాలో ఇద్దర్ని చెరో బంతీ పట్టుకుని నిలబెడితే "అంత దూరమా!" అని అందరూ నోరు వెళ్ళబెట్టారు. దీనికి ప్యానెల్ కన్నా వరండానే నయం.

అపోహ: ఈకాలం పిల్లలకు ఫోన్లు కొట్టిన పిండి, ట్యాబ్ ఇస్తే వాళ్ళే నేర్చుకుంటారు.

2022 డిసెంబరులో ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. లోలకం సిమ్యులేషన్ తెరిచి "చూడండి" అన్నాను. పది నిమిషాల్లో అందరూ గురుగ్రహం మీద లోలకాన్ని ఆడించేశారు, బరువు, పొడవు, ఘర్షణ అన్నీ ఒకేసారి లాగేశారు. ఏం తెలిసిందిరా అంటే "జుపిటర్‌లో జోరుగా ఊగుతాది సార్." వేలు తిప్పడం వేరు, ప్రయోగం చేయడం వేరు.

ఇప్పుడు గ్రూపుకు ఒక్క ప్రశ్నే. పొడవు మార్చే గ్రూపు బరువును ముట్టుకోకూడదు. ఒక మీటరు పొడవుకు డోలనావర్తన కాలం, అంటే ఒకసారి అటు పోయి ఇటు రావడానికి పట్టే కాలం, దాదాపు 2 సెకన్లు. దాన్ని ఒక సెకను చేయాలంటే పొడవు ఎంత తగ్గించాలి? అందరూ 50 సెంటీమీటర్లంటారు. పెట్టి చూస్తారు, కాదు. 25 దగ్గర దొరుకుతుంది. తర్వాత తలుపు చట్రానికి దారం, రాయి కట్టి పది ఊపులు లెక్కపెడతారు.

అపోహ: ప్రతి పాఠానికీ ప్యానెల్ వాడాలి.

అక్కర్లేదు. పీడనం పాఠానికి నేను దాన్ని ఆన్ కూడా చేయను. దమ్ము చేసే ట్రాక్టరు బురదలో దిగబడకుండా కేజీవీల్స్ (వెడల్పాటి ఇనప చక్రాలు) ఎందుకు కడతారో మా పిల్లలకు తెలుసు, అక్కడి నుంచి మొదలుపెడతాను.

అపోహ: క్లాసులో ఫోన్ అంటే చదువు చెడినట్టే.

పిల్లల ఫోన్లు వద్దు, నాదీ తోటి టీచరుదీ చాలు. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్‌లోని మైకును, సెన్సర్లను కొలత పరికరాలుగా మారుస్తుంది. అందులో చప్పట్లకు కదిలి, చప్పట్లకు ఆగే స్టాప్‌వాచ్ ఒకటుంది. రెండు ఫోన్లు పది మీటర్ల దూరంలో పెట్టాం. మొదటి ఫోన్ పక్కన ఒకడు చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి, రెండో ఫోన్ పక్కన ఇంకొకడు కొడితే రెండూ ఆగుతాయి. రెండు గడియారాల మధ్య తేడా, ధ్వని ఆ పది మీటర్లూ పోయి రావడానికి పట్టే కాలం.

మొదటి మూడుసార్లు పిచ్చి అంకెలొచ్చాయి. వంటగదిలో భోజనం ప్లేట్లు సర్దుతున్నారు, ప్లేటు మోగినప్పుడల్లా గడియారం ఆగిపోతోంది. ఎంత గట్టి చప్పుడుకు కదలాలో యాప్‌లో మార్చి మళ్ళీ చేశాం. 0.058 సెకన్లు. ఇరవై మీటర్లను దాంతో భాగిస్తే సెకనుకు 345 మీటర్లు. ఆ రోజు ఎండకు ధ్వని వేగం లెక్క ప్రకారం 350 దాటాలి. చప్పట్లతో ఇంత దగ్గరగా వచ్చామంటే పిల్లలకు పట్టరాని సంతోషం.

వెంటనే ఒకడికి శ్రీహరికోట గుర్తొచ్చింది. అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మబ్బు లేని రోజు రాకెట్ లేస్తే మా గ్రౌండు నుంచి కనిపిస్తుంది. "60 కిలోమీటర్లు అనుకుంటే చప్పుడు ఎప్పటికొస్తాది సార్?" బోర్డు మీద వాడే భాగించాడు, మూడు నిమిషాలకు కాస్త తక్కువ. ఈసారి రాకెట్ ప్రయోగానికి స్టాప్‌వాచ్ పట్టుకుని గ్రౌండులో నిలబడతారట. ఆ మూడు నిమిషాలూ ఎవరూ నోరెత్తకూడదని లీడరు అప్పుడే ఆర్డరు వేసింది. దారి మీద లారీల మోతలో ఆ చప్పుడు వినబడుతుందో లేదో గానీ, నలభై మంది మూడు నిమిషాలు నోరు మూసుకుని ఉంటారంటే మాత్రం నేను నమ్మను.