ఎరుపు చూసి కారం అనుకుంటే

"బాపుకు సీడీ 56 పాజిటివ్ అని రాసిన్రు సార్, ఇది అంటుకుంటదా?" హనుమకొండలో ఒకబ్బాయి బోన్‌మ్యారో రిపోర్టు నా ముందు పెట్టి అడిగాడు. కరోనా తర్వాత పాజిటివ్ అనే మాటకే జనం జడుసుకుంటున్నారు. ఇక్కడ అది కణం మీదున్న ఒక ప్రోటీన్ సంగతి, అంతే.

ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల పని యాంటీబాడీలు తయారుచేయడం. మామూలుగా వందకు ఐదు కూడా ఉండవు. మైలోమా అనే క్యాన్సర్‌లో ఇవే అదుపు తప్పి పెరుగుతాయి. తుంటి ఎముక నుంచి తీసిన సన్నని ముక్కలోని సున్నాన్ని కరిగించి, పలచని పొరలుగా కోసి, ఒక్కో పొర మీద ఒక్కో యాంటీబాడీ వేస్తారు. వెతుకుతున్న ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. దీన్నే ఐహెచ్‌సీ అంటారు.

ఆ రంగును గుడ్డిగా నమ్మితేనే చిక్కు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా మిర్చి టమాటాలా ఉబ్బి ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం తక్కువ. స్లైడు మీదా అంతే. సీడీ 138 ప్లాస్మా కణాల గుర్తే, కానీ కొన్ని కార్సినోమాలూ (అవయవాల పొరల్లో పుట్టే క్యాన్సర్లు) దాన్ని చూపిస్తాయి. కార్సినోమాల గుర్తయిన కెరటిన్‌ను అరుదుగా ప్లాస్మా కణాలు చూపిస్తాయి. ఊపిరితిత్తి నుంచో రొమ్ము నుంచో క్యాన్సర్ ఎముకకు పాకిందని పొరబడటానికి ఇంతకన్నా ఏం కావాలి?

సైక్లిన్ డీ1 అనే ప్రోటీన్ మరో తికమక. 11, 14 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్న మైలోమాల్లో ఇది పెరుగుతుంది, వాటిలో కొన్ని సీడీ 20 కూడా చూపిస్తాయి. ఈ రెండూ మ్యాంటిల్ సెల్ లింఫోమా అనే మరో రక్త క్యాన్సర్ గుర్తులే! ఆ జబ్బు వేరు, మందులు వేరు. అయితే ఈ రకం మైలోమాల్లో చాలావాటికి వెనెటోక్లాక్స్ అనే మందు బాగా పనిచేస్తుంది, కాబట్టి వింత రంగు వృథా పోదు.

ఇలాంటప్పుడు నేను ముందు చూసేది కప్పా, లాంబ్డా. ఇవి యాంటీబాడీలోని చిన్న గొలుసుల్లో రెండు రకాలు, ఒక్కో ప్లాస్మా కణం వీటిలో ఒకదాన్నే తయారుచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మజ్జలో ఈ రెండు రకాల కణాలూ కలిసే ఉంటాయి, కప్పావి దాదాపు రెట్టింపు. మైలోమా ఒకే కణం సంతానం కనుక సాధారణంగా ఒక్కటే కనిపిస్తుంది. కార్సినోమా ఈ రెండింటినీ తయారుచేయదు.

సీడీ 56 ఇంత వింతేమీ కాదు. మామూలు ప్లాస్మా కణాల్లో ఎక్కువగా ఉండదు, మైలోమాల్లో సగానికి పైగా ఉంటుంది. ఇదంతా అబ్బాయికి విడమర్చి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే గిన్నెలు వేరు పెట్టుడు అక్కర్లేదా సార్?" అన్నాడు.

అప్పటికి వారం రోజులుగా వాళ్ల బాపు విడి కంచంలో తింటున్నాడట.