కుక్క ఒంటి మీది పొట్టు మురికి కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సోమవారం పొద్దున్నే ఫోను. "బాబూ, నిన్ననే స్నానం చేయించాం. మళ్లీ ఒంటినిండా పొట్టు. ఇవాళ ఇంకోసారి చేయించేదా?"

విశాఖలో కుక్కలకు స్నానాలు, కటింగులు చేసే పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు. నల్ల లాబ్రడార్ వీపంతా తెల్లగా రాలుతుంటే ఎవరికైనా టెన్షనే. నా కోపమంతా "ఇంకా గట్టిగా రుద్దండి, పోతుంది" అని సలహాలిచ్చే పక్కింటివాళ్ల మీద, వాట్సాప్‌లో తిరిగే వీడియోల మీద.

అపోహ: పొట్టు రాలుతోందంటే మురికి పట్టినట్టే, స్నానాలు పెంచితే పోతుంది.

వాస్తవం: ఆ రాలేది చర్మం. మన చర్మం పైపొరలో 10 నుంచి 15 వరుసల కణాలుంటే కుక్కకు 3 నుంచి 5 మాత్రమే ఉంటాయి. బొచ్చు ఒత్తుగా ఉందని చర్మం కూడా మందం అనుకుంటాం, కానీ అది మన చర్మం కంటే చాలా పల్చన. అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఆ రాలడం మన కంటికి కనబడదు. చర్మం మీది నూనె పోయినా, లోపల దురదో మంటో ఉన్నా ఈ లెక్క తప్పుతుంది. కణాలు ఆ గడువు ఆగకుండా గుంపుగా పైకి తోసుకొస్తాయి. మీకు కనిపించే పొట్టు అదే.

ఇప్పుడు మీరు చేస్తున్నదేంటి? ఉన్న కాస్త నూనెనూ కడిగేస్తున్నారు. స్నానం అయిన పూట పొట్టు నీళ్లలో కొట్టుకుపోయి ఒళ్లు నిగనిగలాడుతుంది. "చూశావా, పనిచేసింది" అనుకుంటారు. రెండో రోజుకి ముందుకంటే ఎక్కువ రాలుతుంది. మళ్లీ స్నానం.

మా దగ్గరకు వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మగారి సంగతి చెప్తాను. ఆవిడకు తొమ్మిదేళ్ల లాబ్, పేరు చింటూ. తీసుకొచ్చిన రోజు దాని నడుము మీద చెయ్యి వేస్తే గరుకు కాగితం ముట్టుకున్నట్టుంది. "ఎన్నాళ్లకోసారి స్నానం, అమ్మగారూ?" అంటే "రోజు విడిచి రోజు నాయనా, నేనేం లోటు చెయ్యట్లేదు" అన్నారు. దేంతో అంటే, మొదట ఆవిడ తలకు వాడే చుండ్రు షాంపూ, చివర్లో బకెట్టులో రెండు మూతల డెట్టాల్. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అంత ప్రేమగా, అంత శ్రమపడి, దాని చర్మాన్ని రోజు విడిచి రోజు ఒలిచేస్తున్నారని ఎలా చెప్పాలో నాకు అర్థం కాలేదు. చెప్పాను. మూడు వారాలపాటు స్నానం వద్దు, రోజూ పది నిమిషాలు బ్రష్ చెయ్యండి చాలు అన్నాను. "కంపు కొట్టదూ?" అన్నారు అనుమానంగా. కొట్టలేదు. నాలుగో వారం నేనే స్నానం చేయించాను, అప్పటికే సగం పొట్టు తగ్గింది.

మన షాంపూ ఎందుకు కూడదంటే, మన చర్మం కాస్త ఆమ్లగుణం ఉన్నది, పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. కుక్కది దాదాపు 7 దగ్గర. మనకు సరిపడేలా తయారైనది దానికి సరిపడదు. "పిల్లల షాంపూ అండీ, కన్ను కూడా మండదు" అంటారు. ఆ పిల్లలు కూడా మనుషుల పిల్లలే కదా. ఇక డెట్టాల్ ఒంటికి పోసేది కాదు. చర్మాన్ని మండిస్తుంది, పైగా కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది.

మరి మామూలు కుక్కకు ఎన్నాళ్లకోసారి చేయించాలి? మూడు నాలుగు వారాలకోసారి చాలు. బీచ్‌లో ఇసుకలో పొర్లి వచ్చిన రోజు ఉత్త నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ప్రతిసారీ షాంపూ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పొట్టు రెండు రకాలు. ఒకటి పొడిగా, పౌడరులా, దులిపితే ఎగిరేది. పైన చెప్పినదంతా దాని గురించే. రెండోది జిడ్డుగా వెంట్రుకకు అంటుకుని ఉంటుంది, ముక్కిన వాసన వేస్తుంది. చెవుల్లో, చంకల్లో, కాలివేళ్ల మధ్య ఎరుపు కూడా ఉంటుంది. మన సముద్రపు ఉక్కపోతకు ఈ రెండోది బాగా ఎక్కువ. చాలాసార్లు మలసీజియా అనే ఈస్ట్ (కంటికి కనబడని ఒక రకం ఫంగస్) దీని వెనక ఉంటుంది. దీనికి మాత్రం స్నానాలు పెంచాల్సిందే, మొదట్లో వారానికి రెండుసార్లు కూడా. అయితే డాక్టర్ రాసిన మందు షాంపూతోనే. సాధారణంగా క్లోర్‌హెక్సిడిన్, మికొనజోల్ కలిసినది రాస్తారు.

ఆ మందు షాంపూ దగ్గరే డబ్బు నీళ్లపాలవుతుంది. "ఆరేడు వందలు పోసి కొన్నాం, ఏం పని చెయ్యలేదు" అంటారు. ఎంతసేపు ఉంచారని అడిగితే, "రాసి వెంటనే కడిగేశాం" అంటారు. నురుగు ఒంటి మీద 10 నిమిషాలు ఉండాలి. అంచనా మీద వదిలెయ్యొద్దు, ఫోనులో అలారం పెట్టుకోండి. నేను ఆ పది నిమిషాలూ కుక్కకు కబుర్లు చెబుతూ కూర్చుంటాను. నాకో అలవాటుంది, ఘంటసాల పాటలు హమ్ చేస్తాను. మా కుర్రాళ్లు నవ్వుతారు గానీ కుక్కలు కదలకుండా నిలబడతాయి.

నేను చేసే వరుస ఇది. మొదట పొడి ఒంటి మీదే దువ్వాలి. చిక్కులు తడిస్తే ముడులు బిగుసుకుంటాయి. తర్వాత గోరువెచ్చని నీళ్లు, వేడినీళ్లు వద్దు. షాంపూను సీసాలోంచి నేరుగా వీపు మీద పొయ్యకుండా మగ్గులో నీళ్లతో పలచన చెయ్యాలి, లేకపోతే అదంతా ఒకేచోట పేరుకుంటుంది. గోళ్లతో కాకుండా వేళ్ల చివర్లతో రుద్దాలి. రుద్దినంతసేపటికి రెట్టింపు సేపు కడగాలి. మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉప్పదనం ఉన్న బోరు నీళ్లే. ఆ నీళ్లలో షాంపూ ఒక పట్టాన వదలదు, వదలని షాంపూ ఎండితే అదీ పొట్టులాగే రాలి మిమ్మల్ని మళ్లీ కంగారు పెడుతుంది. కడగడం అయ్యాక టవల్‌తో రుద్దకుండా అద్దాలి. డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టాలి. పామ్ (పామరేనియన్), గోల్డెన్ రిట్రీవర్ లాంటి వాటికి పైన ఆరినట్టే ఉన్నా లోపలి బొచ్చు తడిగానే ఉంటుంది. వానాకాలంలో అలా వదిలేస్తే రెండు రోజుల్లో చర్మం పుండు పడుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"కొబ్బరినూనె రాస్తే పొడిదనం పోతుంది." మీ సోఫా మెరుస్తుంది. జిడ్డు పొట్టు ఉన్న కుక్కకైతే మరీ చేటు. నాకేసి విరేచనాలు పెట్టుకున్న కుక్కల్ని చాలా చూశాను. నూనెలో కర్పూరం కాచి రాసేవాళ్లు దయచేసి ఆపండి. కర్పూరం కుక్కకు విషం, ఫిట్స్ రావచ్చు.

"కుంకుడుకాయ, వేపనూనె సహజమైనవి, ఏం కాదు." కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో చిన్నప్పుడు ఆదివారం తలంటు పోయించుకున్నవాళ్లను అడగండి. ఉన్న నూనెనంతా లాగేస్తుంది. చిక్కటి వేపనూనె చర్మాన్ని మండిస్తుంది.

"ఎండాకాలం గుండు చేయిస్తే చర్మానికి గాలి తగులుతుంది." హస్కీకి, పామ్‌కి వద్దు. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, కొన్నిటికి బొచ్చు మళ్లీ సరిగా రాదు. అడిగినా నేను చెయ్యను. కస్టమర్ పోయినా సరే.

"పెరుగన్నం చలవ, చర్మానికి మంచిది." పెరుగన్నంలో తప్పేం లేదు. మూడు పూటలా అదొక్కటే పెడితే మాంసకృత్తులు, కొవ్వులు, జింక్ చాలవు, అది మొదట బయటపడేది బొచ్చులోనే. డాక్టర్ చెప్పిన మోతాదులో ఫిష్ ఆయిల్ మంచిదే గానీ ఆరేడు వారాలైనా ఓపిక పట్టాలి. కాడ్ లివర్ ఆయిల్ వేరు, దాంట్లో ఏ, డీ విటమిన్లు ఎక్కువ. రెండూ ఒకటే అనుకుని వెయ్యకండి.

ఇంకో అపోహ ఒకప్పుడు నాక్కూడా ఉండేది. కుక్క పొట్టు మనుషులకు అంటదని. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఓ చిన్న కుక్కపిల్లకు స్నానం చేయించాను. వీపు మధ్యలో విపరీతమైన పొట్టు. చలికాలం కదా, పొడి చర్మం అని పెద్ద తెలిసినట్టు చెప్పి పంపాను. మూడో రోజుకి నా ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు, రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ ఇంట్లో వాళ్లకూ అంతే. పశువుల డాక్టరుగారు కుక్కపిల్ల వీపు మీద సెల్లోటేపు అంటించి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, "రా, చూడు" అన్నారు. పొట్టు నడుస్తోంది. చెయిలెటియెల్లా అనే సన్నటి పురుగు అది. పొట్టు కింద పాకుతూ పొట్టును కదిలిస్తుంది. ఇంట్లో జంతువులన్నిటికీ మందు వెయ్యాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. అప్పట్నుంచి నా టేబుల్ పక్కన నల్ల కాగితం ఉంటుంది. పొట్టును దువ్వి దాని మీద రాల్చి, ఓ నిమిషం కళ్లార్పకుండా చూస్తాను.

నా చేతి పని కానివి మరికొన్ని ఉన్నాయి. పొట్టుతోపాటు గుండ్రటి మచ్చల్లో వెంట్రుకలు ఊడుతున్నా, రాత్రంతా గోక్కుంటున్నా, తిండి పెంచకుండానే బరువు పెరిగి మందకొడిగా మూల పడుకుంటున్నా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. చివరిది థైరాయిడ్ కావచ్చు, నడివయసు కుక్కల్లో చూస్తుంటాం. మెడికల్ షాపులో అడిగి మనుషుల దురద క్రీము రాయకండి. వాటిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. దురద అణిగి, లోపలి గజ్జి పెరుగుతుంది.

డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లే ముందు రోజు, "ఆయన ముందు మురికిగా ఉంటే బాగోదు" అని నా దగ్గరకు స్నానానికి తెస్తారు. నేను చేయించను. ఆయన వెతకాల్సిన పురుగు, ఈస్ట్, పొలుసు అన్నీ నా డ్రైనేజీలోకి పోతాయి. దాన్ని అలాగే, పొట్టుతోనే తీసుకెళ్లండి. వాడుతున్న షాంపూ సీసా కూడా సంచిలో వేసుకోండి. డెట్టాల్ పోస్తున్నారా, ఆ మాటా దాచకుండా చెప్పండి.